ముందు ఒప్పుకోలా, ముందు కలయికా?

మా నాయనమ్మ ఒంగోలు బాప్టిస్టు. అమ్మమ్మ గుంటూరు లూథరన్. ఇద్దరి దగ్గరా అదే బైబిలు, అవే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అయినా అమ్మ పెళ్లయి ఒంగోలు వచ్చిన మొదటి నెలలోనే చిక్కు వచ్చిపడింది. అమ్మ నెలల పిల్లగా ఉన్నప్పుడే గుంటూరు గుడిలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చారు. అయ్యగారు దోసిట్లో నీళ్లు తీసుకుని నుదుటి మీద పోశారు. అది బాప్తిస్మం కిందికి రాదని ఒంగోలులో మేం వెళ్లే సంఘం పెద్దలు అన్నారు. మనిషి తనంతట తాను నమ్మి, నలుగురిలో ఒప్పుకుని, నీళ్లలో మునగాలి. ఆ తర్వాతే సభ్యత్వం, ఆ తర్వాతే ప్రభు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా పంచుకునే రొట్టె, ద్రాక్షరసం. అమ్మ మునగనంది. దేవుడు ఒకసారి చేసినదాన్ని మళ్లీ చేయమని అడగడం ఆయన్ని అనుమానించడమేనని ఆమె వాదన.

నెలకోసారి బల్ల ఇచ్చే ఆదివారం రొట్టె ముక్కల పళ్లెం వరసలో చేతులు మారుతూ వచ్చేది. అమ్మ దాన్ని నాయనమ్మ చేతిలోంచి అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కావిడకి ఇచ్చేసేది. ద్రాక్షరసం చిన్న గ్లాసుల ట్రే వచ్చినా అంతే. నేను ఆ ఇద్దరి మధ్య కూర్చుని చూసేవాణ్ణి. నాయనమ్మ ఆ పళ్లెం అందించేటప్పుడు అమ్మ మొహంలోకి చూసేది కాదు.

అమ్మమ్మ మా ఇంటికి వస్తే వియ్యపురాళ్లిద్దరూ వంటింట్లో దీని గురించే మాట్లాడుకునేవాళ్లు. “చంటిపిల్లకి ఏం తెలుసని బాప్తిస్మం, వదినగారూ?” అనేది నాయనమ్మ. “కృప మన తెలివిని బట్టి వస్తుందా, వదినగారూ?” అనేది అమ్మమ్మ. ఇద్దరూ ఎఫెసీ పత్రికలోని ఒకే మాట ఎత్తేవాళ్లు: “ప్రభువు ఒక్కడే, విశ్వాసమొక్కటే, బాప్తిస్మమొక్కటే.” ఒక్కటే గనక రెండోసారి వద్దని అమ్మమ్మ. ఒక్కటే గనక అసలైనదే కావాలని నాయనమ్మ.

క్రైస్తవుల్లో ఇన్ని శాఖలేమిటి, అందరూ కలిసిపోవచ్చు కదా అని అడిగేవాళ్లకి నేను ముందుగా ఈ వంటింటి సంగతి చెబుతాను. ఇద్దరిలో ఎవరిదీ మొండితనం కాదు. ఇద్దరికీ దేవుడంటే భయం ఉంది, ఎదుటి మనిషి మీద ప్రేమ ఉంది. అయినా బల్ల దగ్గర దారులు వేరయ్యాయి. ఇలాంటి తేడాలున్నవాళ్లు కలిసి ఎంతదూరం నడవగలరు? తేడాలన్నీ తేల్చుకున్నాకే కలవాలా, కలిసిపోయి ఒకే ఇంట్లో ఉంటూ తేల్చుకోవాలా? దక్షిణ భారతంలో ఈ ప్రశ్న మీద దాదాపు 28 ఏళ్లు చర్చ నడిచింది. దాని ఫలితమే మనం సి.ఎస్.ఐ. అని పిలుచుకునే దక్షిణ ఇండియా సంఘం. ప్రపంచమంతా గమనించిన ప్రయోగం అది. అందులో తెలుగు నేల పాత్ర చాలా పెద్దది. కలవడానికి ఒప్పుకోనివాళ్లలో కూడా ఎక్కువమంది తెలుగువాళ్లే.

ముందు ఒక చిన్న భూగోళ పాఠం. గుంటూరు వాళ్లు లూథరన్లు, ఒంగోలు వాళ్లు బాప్టిస్టులు ఎందుకయ్యారు? సిద్ధాంతాలు చదివి ఎంచుకోలేదు. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్ దొర లూథరన్. 1866లో ఒంగోలులో కాపురం పెట్టిన క్లౌ దొర అమెరికన్ బాప్టిస్టు. 1876-78 కరువు కాలంలో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, తిండి చూపించాడు. కరువులో తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మచిలీపట్నం, ఖమ్మం వైపు ఇంగ్లండు సంఘానికి చెందిన సి.ఎం.ఎస్., నంద్యాలలో అదే సంఘానికి చెందిన ఎస్.పి.జి., మెదక్, కరీంనగర్‌లలో వెస్లియన్ మెథడిస్టులు, విశాఖపట్నంలోనూ కడపలోనూ లండన్ మిషన్, కాకినాడలో కెనడా బాప్టిస్టులు, పాలమూరులో మెన్నొనైట్ బ్రదరెన్. ఒకరి పొలంలో మరొకరు విత్తనం చల్లకూడదని మిషన్లు తమలో తాము హద్దులు గీసుకున్నాయి. తగవులు తప్పించడానికి చేసిన మంచి ఏర్పాటే అది. కానీ దానివల్ల ఒక మనిషి ఏ సిద్ధాంతం నమ్ముతాడన్నది అతను పుట్టిన తాలూకాను బట్టి తేలిపోయింది. జర్మనీలోనో స్కాట్లండులోనో 300 ఏళ్ల కిందట పుట్టిన తగవుకు మన ఊళ్లలో పొలిమేర రాళ్లు పడ్డాయి.

ఆ తగవులు ఏమిటన్నది కూడా సూటిగా చెప్పుకోవాలి. “అవన్నీ చిన్న విషయాలండీ, దేవుడు ఒక్కడేగా” అని తేల్చేసేవాళ్లంటే నాకు నమ్మకం లేదు. అలా అనేవాళ్లు ఎదుటివాళ్ల మనస్సాక్షిని పట్టించుకోనట్టే.

బాప్తిస్మం సంగతి ఇందాక చూశాం. దాని వెనక సంఘం అంటే ఏమిటన్న ప్రశ్న ఉంది. సంఘం ఒక కుటుంబం లాంటిదైతే పిల్లలు పుట్టగానే అందులో ఉంటారు. స్వయంగా నమ్మి వచ్చినవాళ్ల గుంపైతే పిల్లలు ఎదిగి తమంతట తాము రావాలి. రెండోది ప్రభు బల్ల. 1529లో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో ప్రొటెస్టంటు సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. మాట్లాడుకోవాల్సినవి 15 అంశాలు. 14 కుదిరాయి. పదిహేనోది, రొట్టె ద్రాక్షరసాల్లో క్రీస్తు శరీరరక్తాలు నిజంగా ఉన్నాయా అన్నది కుదరలేదు. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో “ఇది నా శరీరము” అని లాటిన్‌లో రాసి, అందులోని “est” (అయి ఉంది) అన్న మాట దగ్గరే పట్టు విడవలేదు. జ్వింగ్లీకి అది గుర్తు, జ్ఞాపకం. ఆ రోజు తెగిన బంధం తర్వాత వందల ఏళ్లు అతకలేదు.

మూడోది బయటివాళ్లకి అర్థం కావడం కష్టం, కానీ దక్షిణ భారతంలో బండి ఎక్కువకాలం ఆగిపోయింది ఇక్కడే. బాప్తిస్మం, బల్ల ఇచ్చే అధికారం పాస్టరుకి ఎవరిస్తారు? ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు సంఘం వాళ్ల లెక్కలో అపొస్తలుల నుంచి తరతరాలుగా హస్తనిక్షేపణ ద్వారా వచ్చిన బిషప్పు తల మీద చేతులుంచితేనే ఆర్డినేషన్, అంటే పాస్టరుగా నియామకం. ప్రెస్బిటేరియన్లకు పాస్టర్లందరూ కూడిన సభే ఆ పని చేస్తుంది, ఒక్క బిషప్పు అక్కర్లేదు. కాంగ్రిగేషనల్ వాళ్లకి స్థానిక సంఘం పిలుపే ముఖ్యం. బయటి నుంచి చూస్తే ఇదంతా పరిపాలన వ్యవహారంలా ఉంటుంది. బిషప్పు చెయ్యి పడని పాస్టరు ఇచ్చే బల్ల నిజమైన బల్లేనా అని ఒక ఆంగ్లికన్ అడిగితే, ఆ మాట పక్కవాడి జీవితమంతటి పరిచర్యనీ కొట్టిపారేసినట్టే అవుతుంది.

ఇన్ని తేడాలు పెట్టుకుని కూడా కలిసి చేసిన పనులు చాలా ఉన్నాయి. ఎక్కడ ఎంత ఒప్పుదల అవసరమో చూస్తే విషయం సగం విడిపోతుంది. క్షయరోగికి వైద్యం చేయడానికి బాప్తిస్మం గురించి ఏకాభిప్రాయం అక్కర్లేదు. అందుకే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో అనేక మిషన్లు కలిసి శానిటోరియం పెట్టగలిగాయి. రాయవేలూరులో ఐడా స్కడ్డర్ స్త్రీలకోసం 1918లో మొదలుపెట్టిన వైద్య పాఠశాలకు, 1930లలో రూల్స్ మారి ఎంబీబీఎస్ స్థాయి తప్పనిసరి అయ్యేసరికి, ఒక్క మిషన్ డబ్బు చాలలేదు. శాఖలన్నీ చేతులు కలిపితేనే అది ఈరోజు మనవాళ్లు రైలెక్కి వెళ్లే సి.ఎం.సి. అయింది. లోపల ఏ డాక్టరుది ఏ సంఘమో ఎవరూ అడగరు.

బైబిలు దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఎక్కువ ఒప్పుదల కావాలి. ఎందుకంటే ఒక్కో మాటకీ అర్థం తేల్చాలి. బెంగాలులో బాప్టిస్టు మిషనరీలు బాప్తిస్మం అన్న గ్రీకు మాటను “ముంచడం” అని అర్థం వచ్చేలా అనువదించారు. బైబిల్ సొసైటీ ఒప్పుకోలేదు. ఆ తగవుతోనే ఇంగ్లండు బాప్టిస్టులు 1840లో వేరే అనువాద సంస్థ పెట్టుకున్నారు. మన తెలుగు బైబిల్లో ఉన్నది “బాప్తిస్మము”. అది గ్రీకు మాటే, తెలుగు అక్షరాల్లో. ముంచడమనీ చెప్పదు, చిలకరించడమనీ చెప్పదు. అందుకే నాయనమ్మా అమ్మమ్మా ఒకే పుస్తకం చదువుకోగలిగారు. కతోలికులు “జ్ఞానస్నానం” అంటారు. వినడానికి ఎంత అందమైన తెలుగు మాటో! కానీ ఆ మాటలో స్నానం ముందే ఉంది. అర్థం తేల్చకుండా వదిలేసిన ఒక్క మాట ఇంతమందిని ఒక పుస్తకం చుట్టూ ఉంచిందంటే, అనువాదకులు ఎంత ఆలోచించి ఉంటారో అనిపిస్తుంది నాకు.

పాస్టర్ల చదువుకు ఇంకా ఎక్కువ నమ్మకం కావాలి. మన పిల్లలకి వేరేవాళ్లు వేదాంతం చెబుతారు మరి. 1964లో లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్లు తమ తమ సెమినరీలను కలిపి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టారు. తర్వాత అది హైదరాబాదుకు మారింది. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘానికి వెళ్లబోయే విద్యార్థి, దాన్ని ఒప్పుకోని సంఘానికి వెళ్లబోయే విద్యార్థి ఒకే హాస్టల్లో ఒకే పుస్తకాలు చదువుతారు.

ఆసుపత్రిలో, తరగతి గదిలో కలవగలిగినవాళ్లు బల్ల దగ్గర ఎందుకు కలవలేరు? ఈ ప్రశ్న 1919 మే 1, 2 తేదీల్లో తమిళ తీరంలోని తరంగంబాడిలో కూడిన 33 మందిని వేధించింది. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. వాళ్లు రాసిన ప్రకటన సారం ఇది: ఈ చీలికలు మేం చేసినవి కావు, బయటి నుంచి మా మీద పడ్డాయి, వీటిని కొనసాగించాలన్న కోరిక మాకు లేదు. ఆ సమావేశాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్యది తిరునెల్వేలి ప్రాంతం. నాడార్ల ఇంటి తమిళ బిడ్డ. వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా దోర్నకల్ జంక్షన్‌లో స్థిరపడ్డాడు. పల్లెపల్లెకీ తిరిగాడు. ఆయన కట్టించిన కెథడ్రల్లో గుడి స్తంభాలూ ఉన్నాయి, మసీదు గుమ్మటాలూ ఉన్నాయి. ఆయనకి ఐక్యత ఒక పుస్తక సిద్ధాంతం కాదు. మాల పల్లెలోనో మాదిగ పల్లెలోనో కొత్తగా నమ్మినవాళ్లు పొరుగు తాలూకాకి కూలికి వెళితే, అక్కడ ఇంకో మిషన్ గుడిలో పరాయివాళ్లయిపోయేవాళ్లు. అది ఆయన రోజూ చూసిన బాధ. 1927లో స్విట్జర్లండులోని లోజాన్ మహాసభలో ఆయన చెప్పిన మాట ఈనాటికీ ఉదహరిస్తారు: క్రైస్తవ దేశాల్లో చీలికలు బలహీనత కావచ్చు, క్రైస్తవేతర దేశాల్లో అవి పాపం, అపకీర్తి.

తరంగంబాడి తర్వాత 1920 నుంచి ఉమ్మడి కమిటీ కూర్చుంది. ఒక పక్క ఆంగ్లికన్లు. మరో పక్క 1908లోనే ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘం. 1925లో మెథడిస్టులు చేరారు. ఆంగ్లికన్లు అప్పటికే 1888లో నాలుగు షరతులు చెప్పి ఉన్నారు: లేఖనాలు, రెండు పురాతన విశ్వాస ప్రమాణాలు, రెండు సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు బల్ల), చారిత్రక బిషప్పు పదవి. మొదటి మూడింటికి పెద్ద గొడవ రాలేదు. నాలుగోదాని మీదే 27 ఏళ్లు నలిగింది. ఐక్య సంఘంలో కొందరు ఇంకా ముందుకెళ్లి, అవసరమైతే ఆర్డినేషన్ లేని విశ్వాసి కూడా బల్ల ఇవ్వవచ్చని వాదించారు. ఆ మాట విని ఆంగ్లికన్ పక్షం హడలిపోయింది.

చివరికి దొరికిన దారిని కాస్త నిదానంగా చూడాలి. దాని తెలివి మొదటిసారి చదివితే అందదు.

కలిసిన రోజున మూడు సంఘాల పాస్టర్లందరూ సమానంగా కొత్త సంఘం పాస్టర్లే. ఎవరికీ మళ్లీ ఆర్డినేషన్ లేదు. ఇది ప్రెస్బిటేరియన్, మెథడిస్టు పాస్టర్ల గౌరవం నిలబెట్టింది. ఆ రోజు నుంచి కొత్తగా అభిషేకం పొందే ప్రతి పాస్టరు తల మీదా బిషప్పు చేతులుంచుతాడు, పక్కన పాస్టర్లూ చేతులుంచుతారు. ఇది ఆంగ్లికన్లకు భరోసా. బిషప్పులు నియమావళికి లోబడి, సంఘం ఎన్నుకుంటే వస్తారు. ఇది కాంగ్రిగేషనల్ వాళ్లకి ధైర్యం. మరి బిషప్పు పదవి అర్థం ఏమిటి? అపొస్తలుల నుంచి తెగని గొలుసా, మంచి పరిపాలనా? సంఘం ఏ ఒక్క వ్యాఖ్యానాన్నీ ఎవరి మీదా రుద్దదని నియమావళిలోనే రాసుకున్నారు. పదవి ఉంటుంది, దాని వివరణ మనస్సాక్షికి వదిలేశారు. ఇంకో మాట కూడా ఇచ్చుకున్నారు: ఏ స్థానిక సంఘానికైనా దాని మనస్సాక్షి ఒప్పుకోని పాస్టరునో ఆరాధన పద్ధతినో బలవంతంగా అంటగట్టం. దీన్ని ప్రమాణంగానే పిలుచుకున్నారు. 30 ఏళ్ల గడువు పెట్టుకున్నారు. ఆ లోగా పాతతరం తగ్గి బిషప్పు చేతుల మీదుగా వచ్చినవాళ్లు నిండుతారు, తర్వాత మిగిలిన సంగతులు చూసుకుందామన్నది ఆలోచన.

అంటే 30 ఏళ్ల పాటు ఒకే సంఘంలో రెండు రకాల పాస్టర్లు. పక్కా లెక్కతో చూసేవాడికి ఇది పెద్ద లోపం. నాకు మాత్రం ఇందులోనే అసలు విలువ కనిపిస్తుంది. సిద్ధాంతం తేలని చోట మాట మీద నమ్మకం పెట్టారు. ఉమ్మడి కుటుంబంలో కోడలు వచ్చిన రోజే అన్ని పద్ధతులూ కుదరవు. కుదిరేదాకా పెళ్లి ఆపుతామంటే పెళ్లే జరగదు.

వ్యతిరేకత తక్కువేం కాదు. ఇంగ్లండులో పెద్ద కవి టి.ఎస్. ఎలియట్ 1943లో దీనికి వ్యతిరేకంగా ఒక కరపత్రమే రాశాడు. కలపడం పేరుతో ఇది ఉన్నదాన్ని కూల్చేస్తుందన్నది ఆయన భయం. ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకునే మాటల మీద నిలిచే ఐక్యత నిజమైనదేనా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అది గట్టి ప్రశ్నే. దానికి ఒక్క సమాధానమే ఇవ్వగలను: ఆ మాటల్లో దాపరికం లేదు. ఎక్కడ ఒప్పుకోలేదో అక్కడ ఒప్పుకోలేదనే రాశారు.

1945 జనవరి 1న దోర్నకల్‌లో అజరయ్య కన్నుమూశాడు. అదే నెలలో ఆంగ్లికన్ జనరల్ కౌన్సిల్ కలయికకు ఓటు వేసింది. కొద్ది వారాల తేడాలో ఆయన ఆ కబురు వినకుండానే వెళ్లిపోయాడు. దోర్నకల్ వెళ్లినప్పుడు ఆ కెథడ్రల్ నీడలో నిలబడితే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

1947 సెప్టెంబరు 27. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. ఉత్తరాన దేశం ముక్కలై రక్తం పారుతున్న రోజులు. మద్రాసులో సెయింట్ జార్జి కెథడ్రల్లో సుమారు 10 లక్షల మంది సభ్యులున్న మూడు సంఘాలు ఒకటయ్యాయి. బిషప్పు సి.కె. జేకబ్ ఆ ఆరాధన నడిపించాడు. 9 మంది కొత్త బిషప్పులు అభిషేకం పొందారు. వాళ్లలో 37 ఏళ్ల లెస్లీ న్యూబిగిన్ ఒకడు. స్కాట్లండు ప్రెస్బిటేరియన్ మిషనరీ, అంటే బిషప్పులే అక్కర్లేదన్న సంప్రదాయంలోంచి వచ్చినవాడు, మధురై-రామనాథపురం బిషప్పయ్యాడు.

తర్వాత 1950లో వాడుకలోకి వచ్చిన బల్ల ఆరాధన క్రమం ఈ కలయికకు నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి సాక్ష్యం. అందులో సమాధానం ఇచ్చుకునే ఘట్టం ఒకటి ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారం అది. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమ చేతిని దాని మీద మూస్తారు. నాలుగు చేతులు ఒకటవుతాయి. బల్ల దగ్గర నుంచి మొదలై ఒకరి నుంచి ఒకరికి గుడి చివరిదాకా పాకుతుంది. తర్వాత యేసును ప్రధాన యాజకుడా, మా మధ్య ఉండు అని పిలిచే ప్రార్థన వస్తుంది. దాని మూలం స్పెయిన్ పాత ఆరాధనలో ఉంది. ఆంగ్లికన్ పుస్తకం, మెథడిస్టు పద్ధతి, ప్రెస్బిటేరియన్ క్రమం మూడింటినీ కలిపి అతుకులేయకుండా, ఎవరి సొంతమూ కాని పాత సంపదలోంచి తెచ్చుకున్నారు. ఎవరూ ఎవరింటికీ అతిథిగా వెళ్లాల్సిన పని లేకపోయింది.

నంద్యాల మాత్రం రాలేదు. ఎస్.పి.జి. సంప్రదాయంలో పెరిగిన అక్కడి ఆంగ్లికన్లలో ఎక్కువమంది ఈ కలయికతో తమ బిషప్పుల గొలుసు తెగిపోతుందని భయపడ్డారు. లండన్‌లో ఎస్.పి.జి. కూడా కొత్త సంఘానికి నేరుగా సొమ్ము ఇవ్వకూడదనుకుంది. నంద్యాల వాళ్లు పాత ఆంగ్లికన్ సంఘంలోనే, దూరాన ఉన్న కలకత్తా మెట్రోపాలిటన్ (ప్రధాన బిషప్పు) కింద ఉండిపోయారు. 1955లో ఇంగ్లండు సంఘం సి.ఎస్.ఐ.లో బిషప్పుల చేతుల మీదుగా జరిగిన ఆర్డినేషన్లు చెల్లుతాయని గుర్తించింది. 1970ల మధ్యలో నంద్యాల సి.ఎస్.ఐ.లోకి వచ్చింది. వాళ్లని మూర్ఖులని ఎవరైనా అంటే నేనొప్పుకోను. వాళ్లు తమ మనస్సాక్షికి కట్టుబడి దాదాపు మూడు దశాబ్దాలు ఒంటరితనం భరించారు.

అమ్మమ్మ సంఘమైన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం కథ ఇంకా లోతైనది. లూథరన్లకి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో ఒక కొలబద్ద ఉంది: సువార్త బోధలో, సంస్కారాల విషయంలో ఒప్పుదల ఉంటే ఐక్యతకు అది చాలు, ఆచారాలు ఒకటి కానక్కర్లేదు. ఆంగ్లికన్ల లెక్క దాదాపు దీనికి తిరగేసినది. వాళ్లకి బిషప్పు పదవి తప్పనిసరి, దాని వివరణలో తేడాలుండొచ్చు. లూథరన్లకి బిషప్పు ఉన్నా లేకున్నా ఒకటే, బోధ మాత్రం ముందు తేలాలి. ముందు కలయిక అన్నవాళ్లకీ ముందు ఒప్పుకోలు అన్నవాళ్లకీ మధ్య గీత సరిగ్గా ఇక్కడ ఉంది. 1948 నుంచి సి.ఎస్.ఐ., లూథరన్ పండితులు పదేళ్లకు పైగా కూర్చున్నారు. ధర్మశాస్త్రం, సువార్త, ప్రభు భోజనం వంటి విషయాల మీద ఒప్పుదల ప్రకటనలు రాశారు. మార్బుర్గ్‌లో పొసగని పదిహేనో అంశం మీద కూడా మాట కలిసింది. అయినా సంఘాలు కలవలేదు. సిద్ధాంతం అడ్డు తొలగాక మిగిలినవి కనిపించాయి: అమెరికా, జర్మనీ సంఘాలతో బంధాలు, స్కూళ్లు, కాలేజీలు, స్థలాలు, పదవులు. ముందు ఒప్పుకోలు అన్నవాళ్ల దారిలో ఉన్న లోపం ఇదే అని నా అభిప్రాయం. ఒప్పుకోలు వచ్చేసరికి కలవాలన్న ఆకలి చల్లారిపోతుంది.

బాప్టిస్టుల విషయంలో దక్షిణాదికి అందని దారి ఉత్తరాదికి దొరికింది. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బాప్టిస్టులు కొందరు అందులో చేరారు. తల్లిదండ్రులు బిడ్డకి బాప్తిస్మం ఇప్పించవచ్చు, లేదా బిడ్డను ప్రతిష్ఠ చేసి, ఎదిగాక బాప్తిస్మానికి వదిలేయవచ్చు. రెండూ చెల్లుతాయి. మరి చిన్నప్పుడు బాప్తిస్మమైన మనిషి పెద్దయ్యాక తనకి మళ్లీ కావాలంటే? అక్కడ ముడి అలాగే ఉంది. మా అమ్మ ముడి అదే, అటువైపు నుంచి. మెథడిస్టుల్లో అమెరికా శాఖ వాళ్లు ఆఖరి క్షణంలో ఈ కలయిక నుంచి వెనక్కి తగ్గారు.

అసలు శాఖల పేర్లే వద్దన్నవాళ్లూ ఉన్నారు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త సింగ్ 1941లో మద్రాసులో మొదలుపెట్టి, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా సహవాసాలు నడిపాడు. లూథరన్లలోంచి వచ్చిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషన్ స్థాపించాడు. విదేశీ పేర్లు మోయలేమన్న వాళ్ల తపన నాకు పూర్తిగా అర్థమవుతుంది. ఆచరణలో అవి మరికొన్ని సంఘాలయ్యాయి. ఇప్పుడు ఏ మండలంలో చూసినా పెంతెకొస్తు సంఘాలు, సొంతంగా మొదలైన ప్రార్థనా మందిరాలు పాత మిషన్ గుళ్లను మించి ఉంటాయి. తరంగంబాడిలో కూర్చున్న 33 మంది ఊహించని పటం ఇది. డిసెంబరులో యునైటెడ్ క్రిస్మస్ అని అందరూ ఒకే స్టేజీ ఎక్కుతారు, కేకు కోస్తారు, పాటలు పాడతారు. బల్ల మాత్రం అక్కడ ఉండదు. ఉంటే ఎవరు ఇవ్వాలి, ఎవరు తీసుకోవాలన్న టెన్షన్ మొదలవుతుంది కాబట్టి ఎవరూ పెట్టరు.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. బిషప్పు పదవి గురించి 27 ఏళ్లు మాట్లాడిన పెద్దలు పల్లెలో మాల గుడి, మాదిగ గుడి వేరువేరుగా ఉండటం గురించి అంత పట్టుదలగా కూర్చోలేదు. అజరయ్య దాని మీద పోరాడాడు, అందరూ ఒకే బల్ల దగ్గరికి రావాలన్నాడు. కానీ ఐక్యత పత్రాల్లో దానికి ఒక అధ్యాయం లేదు. తరగతి గదిలో వేదాంతం కలిసిన చోట కూడా పెళ్లి సంబంధాల దగ్గర కులం అడుగుతున్నారు. స్థలాల మీద కోర్టు కేసులు, సినడ్ (సంఘం పాలక సభ) ఎన్నికల తగాదాలు ఈనాటికీ పేపర్లో చూస్తూనే ఉన్నాం. సిద్ధాంతం వల్ల విడిపోయాం అని మనం చెప్పుకునే చోట్ల ఎన్నిటిలో నిజంగా సిద్ధాంతం ఉందో సంఘాలు నిజాయితీగా లెక్క తీయాలి.

మా అమ్మ విషయానికొస్తే, ఆమె చివరికీ మునగలేదు. ఏటా క్రిస్మస్‌కి గుంటూరు వెళ్లి అమ్మమ్మ పక్కన మోకరించి బల్ల తీసుకుని వచ్చేది. నాయనమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు, వెళ్లేముందు తనే చీర ఇస్త్రీ చేయించి పెట్టేది. చివరి ఏడు నాయనమ్మని కంటి ఆపరేషన్‌కి గుంటూరు తీసుకెళ్లాం. ఆదివారం అందరం అమ్మమ్మవాళ్ల గుడికి వెళ్లాం. బల్ల వేళకి వరసలు లేచాయి. అమ్మమ్మ వంగి, “రండి వదినగారూ” అంది మెల్లగా. నాయనమ్మ తల అడ్డంగా ఊపి, “మీరు వెళ్లిరండి, నేను ఇక్కడ ప్రార్థన చేసుకుంటా” అంది. అమ్మమ్మ కర్ర పట్టుకుని ముందుకు నడిచింది. అమ్మ ఏడాదంతా ఎదురుచూసే బల్ల అది. ఆ రోజు ఆమె లేవలేదు. కంటికి కట్టుతో ఉన్న నాయనమ్మ చెయ్యి పట్టుకుని, వరస మొత్తం ఖాళీ అయ్యాక కూడా అక్కడే కూర్చుంది.